ఆ ఫెయిలు నాది

పదో తరగతి జాబితాలో సుప్రియ పేరు కింద పెన్సిలు గీత గీసింది హెడ్‌మాస్టరు ప్రకాశరావు గారే. ఆ సంగతి స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. అయినా ఆ కాగితం చేతులు మారుతూ ఎలీషబా ముందుకు వచ్చేదాకా ఎవరూ నోరెత్తలేదు. ఆమె పదో తరగతి క్లాసు టీచరు, లెక్కలు చెప్తుంది. ఆమె సంతకం లేకుండా పరీక్ష రాసే పిల్లల జాబితా పైకి పోదు.

నవంబరు నెల, శనివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల్ని ఆటలకు వదిలి, బోడిగుట్లపల్లె హైస్కూలు టీచర్లందరూ కూర్చున్నారు. మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో, రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే బడి అది. హెడ్‌మాస్టరు గదిలో గోడకు ఒక బోర్డుంది. ఏ సంవత్సరం పదో తరగతిలో నూటికి ఎంతమంది పాసయ్యారో దాని మీద తెల్లరంగుతో రాసి ఉంటుంది. కింది నుంచి ఐదు వరుసల్లో వందలే.

ప్రకాశరావు గారు చెడ్డవాడేమీ కాదు. తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరి, పిల్లలకు పద్యాలు రాగం తీసి చెప్పి, చివరికి ఈ కుర్చీలో కూర్చున్నాడు. ఇంకొక ఏడాదిన్నరలో రిటైరవుతాడు. వందలు రాసిన ఆ బోర్డును అట్లాగే అప్పగించి పోవాలని ఆయన ఆశ. మొదటి సమ్మేటివ్ పరీక్షల మార్కులు చదివి వినిపించాడు. సుప్రియకు లెక్కల్లో పదకొండు, ఇంగ్లీషులో తొమ్మిది, సైన్సులో పద్నాలుగు. తెలుగులో మాత్రం యాభై రెండు. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ఏడుగురిని ఎట్లాగో గట్టెక్కించవచ్చుననీ, ఈ అమ్మాయి మాత్రం మన చేతిలో లేదనీ చెప్పాడు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి టి.సి. ఇప్పిస్తే ఓపెన్ స్కూల్లో రాసుకుంటుంది, ఆమెకూ బరువు తగ్గుతుంది, బడికీ మాట రాదు అన్నాడు.

ఎలీషబా కాగితాన్ని బల్ల మీద పెట్టి, పెన్ను మూత బిగించింది.

"నేను సంతకం పెట్టను సార్."

ఇంగ్లీషు చెప్పే మురళీకృష్ణ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. బడిలో అందరికన్నా బాగా పాఠం చెప్తాడని పేరున్నవాడు, మాట కూడా సూటిగా ఉంటుంది. ఆ పిల్ల మీద తనకు కోపం లేదన్నాడు. నాలుగేళ్ళుగా ఆమెకు ఇంగ్లీషు అక్షరాల్లోనే తంటా అనీ, మార్చి లోపల ఎవరొచ్చినా ఏమీ చేయలేరనీ అన్నాడు.

"ఫెయిలైన ఆడపిల్లకు ఊళ్ళో ఏం జరుగుతాదో మీకు తెలీదా మేడం? నెల తిరక్కుండా పెండ్లి జేస్తారు. మీరు పంతం పట్టి రాయించి, ఆ పిల్ల నెత్తిన ఫెయిలు ముద్ర ఏస్తారా?"

ఆ మాట అబద్ధం కాదని ఎలీషబాకు తెలుసు. పాసవుతుందని తాను చెప్పడం లేదనీ, రాయనివ్వమని మాత్రమే అడుగుతున్నాననీ అంది. ప్రకాశరావు గారు గడియారం చూసుకుని, పరీక్ష రాసేవాళ్ళ జాబితా పంపడానికి ఇంకా మూడు వారాల గడువుంది, నిదానంగా ఆలోచించమన్నాడు.

అట్లాంటి కాగితం మీద ఆమె ఒకసారి సంతకం పెట్టింది. ఎనిమిదేళ్ళ కిందట, దొనకొండ దగ్గర ఒక బడిలో. కొత్త ఉద్యోగం, పెద్దవాళ్ళు పెట్టమన్నారు, పెట్టింది. ఆ పిల్ల పేరు అలివేలు. తర్వాత నాలుగేళ్ళకు మార్కాపురంలో పలకలు కోసే షెడ్డు ముందు బస్సు కోసం నిలబడితే, తల నుంచి కాళ్ళ దాకా బూడిదరంగు దుమ్ముతో ఒక ఆడమనిషి వచ్చి "బాగున్నారా మేడం" అని పలకరించింది. అలివేలే. ఓపెన్ స్కూల్లో రాశావా అని ఎలీషబా అడిగింది. అదేందో మాకు ఎవురూ చెప్పలేదు మేడం అంది అలివేలు. అనడంలో నిష్ఠూరమేమీ లేదు. నవ్వుతూనే అంది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఎలీషబాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో తెలియకుండా.

సోమవారం భోజనాల గంటలో ఆమె సుప్రియను పిలిచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అడిగిందానికే జవాబు చెప్తుంది, అదీ సగం. ఆ పొడి జవాబుల వల్లే ఎలీషబాకు ఆమె మీద పెద్దగా ప్రేమ ఉండేది కాదు. క్లాసులో వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చుని, వర్గ సమీకరణం బోర్డు మీద వేస్తుంటే బయటికి చూసే పిల్ల. ఇప్పుడు ఎదురుగా నిలబెట్టి చిన్న లెక్క ఇస్తే మొదటి రెండు మెట్లు టకటకా వేసింది. కారణాంకాలుగా విడగొట్టాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది.

ఎందుకు ఆగావని అడిగితే, అది రాదంది. ఎందుకు రాదంటే, చెప్పినప్పుడు నేను లేను మేడం అంది.

ఎలీషబా లైబ్రరీ బీరువాలోంచి ఆరు నుంచి తొమ్మిది దాకా పాత లెక్కల పుస్తకాలు తెప్పించి ఆమె ముందు పెట్టింది. వచ్చిన పాఠానికి ఒక గుర్తు, రానిదానికి ఒక గుర్తు పెట్టమంది. సుప్రియ ఆలోచించకుండా పెట్టుకుంటూ పోయింది. ఏడో తరగతిలో భిన్నాలు వచ్చు, బీజీయ సమాసాలు రావు. ఎనిమిదిలో మొదటి సమీకరణాలు వచ్చు, కారణాంక విభజన రాదు. తొమ్మిదిలో ఉపరితల వైశాల్యాలు అసలు పేరే తెలియదు. ప్రతి పుస్తకంలోనూ ముందు సగం వచ్చు, వెనక సగం రాదు. తేడా లేదు, నాలుగేళ్ళూ అంతే.

"క్రిస్మస్ అయినాక మేం గుంటూరు దిక్కు మిరపకాయలకు పోతాం మేడం. ఉగాదికి గాని రాము. ఇవన్నీ అప్పుడు చెప్పినేటివి."

ఎలీషబా ఆ గుర్తులను మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది. వలస పోయే పిల్లలని హాజరు పట్టీలో రాసుకోవడం ఆమెకు అలవాటే. ఎన్ని రోజులు రాలేదో లెక్కపెట్టింది గాని, ఆ రోజుల్లో ఏం పోయిందో ఎప్పుడూ చూడలేదు. నాలుగేళ్ళుగా ఈ పిల్లకు లెక్కలు చెప్పింది తానే. మొద్దు అని ఒకటి రెండుసార్లు అన్నది కూడా తానే.

ఆ వారమే ఒక సాయంత్రం బస్సు వదులుకుని సుప్రియ వాళ్ళ ఇంటికి పోయింది. చర్చి వెనక వరుసలో రెండు గదుల ఇల్లు. తండ్రి జ్ఞానయ్య కందిచేలో కూలికి పోయి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల్లి మేరీ చాప పరిచింది. నానమ్మ వెంకాయమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, సుప్రియ తమ్ముడికి అన్నం తినిపిస్తూ, టీచరమ్మను ఎగాదిగా చూసింది. సుప్రియ లోపలి గడప దగ్గరే నిలబడింది.

ఎలీషబా వచ్చిన పని చెప్పకముందే జ్ఞానయ్య ఆమెకు దండం పెట్టినంత పని చేశాడు. మీ దయవల్ల స్కాలర్‌షిప్పు వస్తుందంట గదా అన్నాడు. నిన్న అటెండరు మాలకొండయ్య వచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పోయినాడు అని చెప్పాడు.

ఏం కాగితమని అడిగింది. అది ఆయనకు తెలియదు. సారు పంపించినాడు, వేసినాను, అంతే. పొద్దున మళ్ళీ వచ్చి ఒక జిరాక్సు ఇచ్చి పోయినాడని మేరీ గూట్లోంచి తెచ్చి ఇచ్చింది. ఎలీషబా దాన్ని చదవబోతుంటే సుప్రియ వచ్చి చేతిలోంచి తీసుకుంది. గట్టిగా, తప్పు లేకుండా చదివింది. కుటుంబ పరిస్థితుల వల్ల మా కుమార్తెను రెగ్యులర్‌గా బడికి పంపలేకపోతున్నాననీ, ఓపెన్ స్కూల్లో చదివించుకుంటాననీ, టి.సి. ఇప్పించగలరనీ అందులో ఉంది. కింద తండ్రి వేలిముద్ర.

జ్ఞానయ్య ముఖం మాడిపోయింది. కాసేపటికి తేరుకుని, ఆయన తనకు తోచిన న్యాయం చెప్పాడు. సారోళ్ళే వద్దనుకుంటే మనం ఏం చేస్తాం, ఎట్లాగూ జనవరిలో పోవాల్సిందే గదా, పనికి ముగ్గురు పోతేనే మిరపతోట ఆసామి గుడిసె ఇస్తాడు, ఇద్దరమైతే వేరేవాళ్ళను చూసుకుంటాడు, దాని రాత అంతవరకే అనుకుంటే పోయింది అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు కూతురి వైపు చూడలేదు.

ఎలీషబాకు కోపం తన్నుకొచ్చింది. కానీ దాన్ని చూపించాల్సింది ఈ ఇంట్లో కాదని తెలుసు. ఈసారి పిల్లను వెంకాయమ్మ దగ్గర వదిలి పొమ్మని అడిగింది. ఈ మూడు నెలలు ఉంటే చాలు, తక్కింది నేను చూసుకుంటానంది. చూసుకోగలనో లేదో ఆమెకే తెలియదు.

జ్ఞానయ్య తల అడ్డంగా ఊపుతుంటే మేరీ పొయ్యి దగ్గర నుంచే చెప్పింది.

"దాని వంతు గూడా నేనే కోస్తాలే. ఉండనియ్."

జ్ఞానయ్య ఏదో అనబోతే వెంకాయమ్మ అడ్డం పడి, నా మనవరాలు నా దగ్గర ఉంటే నీకేం కష్టంరా అని కసిరింది. సుప్రియ మాత్రం ఆ జిరాక్సు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లెక్కల నోట్‌బుక్కులో పెట్టుకుంది.

మరుసటి సోమవారం మళ్ళీ మీటింగు. ఎలీషబా ఆ నాలుగు పాత పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టి, పిల్ల పెట్టిన గుర్తులు చూపించింది. ఇది మొద్దుతనం కాదు, మూడు నెలల చొప్పున నాలుగేళ్ళు కలిసి ఏడాది చదువు పోయింది, ఆ ఏడాది మనం చెప్పలేదు అంది. వేలిముద్ర సంగతి కూడా ఎత్తింది. ఏం రాశారో చెప్పకుండా వేయించుకోవడం ఏ పద్ధతి సార్ అని అడిగింది. ప్రకాశరావు గారు మాలకొండయ్య సరిగా చెప్పి ఉండడన్నాడు. చెప్పమని ఎవరూ అతనికి చెప్పలేదని ఆయన గొంతులోనే తెలిసిపోయింది.

మురళీకృష్ణ పుస్తకాలు తిరగేసి చూశాడు. నిజమే అని ఒప్పుకున్నాడు. అయితే కారణం తెలిసినంత మాత్రాన మార్కులు వస్తాయా అన్నాడు. ఏడాది చదువును మూడు నెలల్లో ఎవరు చెప్తారు, తక్కిన ఇరవై ఏడుగురి సంగతేంది అని అడిగాడు. మాట మీద మాట పెరిగింది. ఒకళ్ళు ఆ పిల్ల స్వభావం గురించి, ఒకళ్ళు ఆ ఇంటి సంగతుల గురించి, ఇంకొకళ్ళు ఆమె చేతిరాత గురించి మాట్లాడారు. అట్లా మాట్లాడుతుండగానే గుమ్మంలో సుప్రియ కనబడింది.

లోపలికి రావచ్చా సార్ అని అడిగింది గాని, రమ్మనేదాకా ఆగలేదు. నేరుగా వచ్చి హెడ్‌మాస్టరు బల్ల ముందు నిలబడింది. చేతిలో జిరాక్సు కాగితం.

"మా నాయన ఏలిముద్ర ఏసిన అసలు కాగితం మీ దగ్గరుందంట సార్. అది ఇయ్యండి."

ఇదంతా నీ మంచికేనమ్మా, ఫెయిలైతే నీకే ఇబ్బంది అని ప్రకాశరావు గారు నిదానంగానే చెప్పబోయాడు. సుప్రియ గొంతు పెంచలేదు.

"నా గురించి మాట్లాడుకునేటప్పుడు నన్నొక మాట అడగాల గద సార్. మేం గుంటూరు పోయేది ఊరు జూసేదానికి గాదు. నేను పరీక్ష రాస్తా. ఫెయిలైతే ఆ ఫెయిలు నాది. మేడంది గాదు, బడిది గాదు. రాయనీకుండా జేస్తే మాత్రం అది మీది సార్."

ఎలీషబా ఆ పిల్లను వారించాలనుకోలేదు, వెనకేసుకుని రావాలనీ అనుకోలేదు. అవసరం లేకపోయింది. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంతమంది టీచర్ల ముందు ఒక పిల్ల ఇట్లా నిలబడటం ఆమె చూడలేదు. తాను కూడా ఎప్పుడూ ఇట్లా నిలబడలేదు. అలివేలు కాగితం ముందుకు వచ్చిన రోజు నిలబడి ఉండాల్సింది.

ప్రకాశరావు గారు సొరుగు లాగి, కాసేపు వెతికి, కాగితం తీసి ఇచ్చాడు. సుప్రియ దాన్ని చించలేదు. వేలిముద్ర మీద చూపు పెట్టి చూసుకుని, జిరాక్సుతో పాటు మడిచి, థాంక్యూ సార్ అని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె పోయాక ఆయన ఎలీషబా వైపు తిరిగి, అయితే బాధ్యత మీదే, కాగితం మీద రాసివ్వండి అన్నాడు. ఆమె అక్కడే కూర్చుని, ఒక్క వాక్యంలో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చింది.

జనవరి మూడో తారీఖున జ్ఞానయ్య, మేరీ చిన్నవాణ్ణి తీసుకుని ఊరివాళ్ళతో కలిసి లారీ ఎక్కారు. మూడో మనిషిగా జ్ఞానయ్య తన తమ్ముడి భార్యను ఒప్పించి తీసుకుపోయాడు. సుప్రియ నానమ్మ దగ్గర ఉండిపోయింది. ఎలీషబా పొద్దున ఏడుంబావు బస్సు పట్టుకుని బడి తెరవకముందే వచ్చేది. దాంతో ఇంట్లో భర్త జీవానందానికి వంట పని వచ్చిపడింది. ఆయన మార్కాపురంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. సణుగుతూనే ఆమెకు డబ్బా కట్టి ఇచ్చేవాడు.

పని అనుకున్నంత సాఫీగా ఏమీ సాగలేదు. ఏడో తరగతి బీజగణితం దగ్గర మొదలుపెడితే సుప్రియకు నామోషీగా ఉండేది. ఆరో తరగతి పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి నవ్వితే పుస్తకం మూసేసేది. ఒకరోజు వచ్చిన లెక్క మర్నాటికి మరిచిపోయేది. ఎలీషబాకు ఓపిక తక్కువ. రెండుసార్లు సుద్దముక్క విసిరికొట్టింది. ఒకసారి సుప్రియ దాన్ని ఏరి తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్ళీ చెప్పండి మేడం అంది, అంతే మొండిగా.

మురళీకృష్ణ అడగకుండానే ఒకరోజు వచ్చి రెండు కాగితాలు ఇచ్చాడు. పరీక్షలో తప్పకుండా వచ్చే ఉత్తరాలు, సంభాషణలు రాసిచ్చాడు. ఇవి బట్టీ పడితే ఇరవై మార్కులకు కొదవుండదు, దీన్ని చదువు అనుకోవద్దు అని చెప్పి, ఎలీషబా వైపు చూడకుండా వెళ్ళాడు. తర్వాత వారానికి రెండు రోజులు బెల్లు కొట్టాక అరగంట ఉండి ఆ కాగితాలు అప్పజెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఈ పిల్ల గట్టెక్కదనే అంటూ చెప్పేవాడు.

ఫిబ్రవరి చివర్లో సుప్రియ నాలుగు రోజులు కనబడలేదు. మొదటి రోజు జ్వరమేమో అనుకుంది ఎలీషబా. రెండో రోజు వెంకాయమ్మ దగ్గరికి మనిషిని పంపితే, పిల్ల గుంటూరు పోయిందని తెలిసింది. ఐదో రోజు పొద్దున సుప్రియ బడి మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా, వేళ్ళు మిరప ఘాటుకు వాచి ఉన్నాయి.

ఎలీషబా ఆగలేకపోయింది. పోవాలనుకుంటే జనవరిలోనే పోవాల్సింది, ఇంతమందితో నన్ను మాట పడనివ్వకుండా అని కసిరింది.

"మా అమ్మకు జొరం మేడం. తమ్ముణ్ణి చూసేదానికి ఎవురూ లేరు. మీ ఇంట్లో జొరాలు రావా?"

అంతే అని సంచిలోంచి నోట్‌బుక్కు తీసి ఇచ్చింది. పేజీల అంచుల్లో ఎర్రటి మరకలు. లోపల, పోయే ముందు ఇచ్చిన కారణాంక విభజన లెక్కలు అరవై, ఒకటీ వదలకుండా చేసి ఉన్నాయి. పదిహేను తప్పులు. తక్కినవన్నీ సరైనవే. ఎలీషబా ఆ తప్పులు దిద్దుతూ, తల ఎత్తకుండానే అమ్మకు ఇప్పుడెట్లా ఉందని అడిగింది. మళ్ళీ చేలోకి పోతోంది అంది సుప్రియ. నేను అట్లా అనకుండా ఉండాల్సింది అని ఎలీషబా చెప్పింది. సుప్రియ సరేలే మేడం అన్నట్టు తల ఊపి, తప్పయిన లెక్క ఏదని అడిగింది.

మార్చిలో పరీక్షలు జరిగాయి. ఏప్రిల్ చివరి వారంలో ఫలితాలు వచ్చాయి. ఎలీషబా మార్కాపురంలో ఇంట్లో కూర్చుని ఫోనులో సుప్రియ హాల్‌టికెట్టు నంబరు కొట్టింది. తెలుగు డెబ్బై మూడు. ఇంగ్లీషు ముప్పై ఏడు. సైన్సు నలభై. సాంఘికశాస్త్రం యాభై ఒకటి. హిందీ కూడా దాటింది. లెక్కలు ఇరవై తొమ్మిది. తాను చెప్పిన ఒక్క సబ్జెక్టులో ఆరు మార్కులు తక్కువ.

బడిలో తక్కినవాళ్ళందరూ పాసయ్యారు. బోర్డు మీద ఈసారి వంద రాయడానికి లేదు. ప్రకాశరావు గారు ఫోను చేసి ఎక్కువ మాట్లాడలేదు. అనుకున్నదే గదా మేడం అని మాత్రం అన్నాడు. అరగంటకు మురళీకృష్ణ చేశాడు. సుప్రియకు ఇంగ్లీషులో వచ్చిన మార్కులు సరిగా చూశారా అని అడిగాడు. ముప్పై ఏడా, ఇరవై ఏడా అని మళ్ళీ అడిగాడు. ముప్పై ఏడే అని ఆమె చెప్పాక ఫోను పెట్టేశాడు.

మరుసటి రోజు ఎండలోనే ఎలీషబా బోడిగుట్లపల్లె పోయింది. దారి పొడుగునా ఓదార్పు మాటలు వెతుక్కుంది. ఊళ్ళో అప్పటికే కబురు పాకింది. చర్చి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను చూసి మాట ఆపారు. జ్ఞానయ్య గుమ్మంలో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. గిద్దలూరు దిక్కు ఒక సంబంధం ఉందని ఎవరో పొద్దున్నే వచ్చి చెప్పి పోయారట. మురళీకృష్ణ నవంబరులో అన్న మాట ఆమె చెవుల్లో మోగింది.

సుప్రియ ఏడవలేదు. పంచలో కూర్చుని లెక్కల పుస్తకం ముందేసుకుని ఉంది. సంబంధం తెచ్చినాయనతో తానే మాట్లాడి పంపించానంది. సప్లిమెంటరీ మే నెలలో గద మేడం, ఫారం నింపేటప్పుడు మీ సంతకం ఏమన్నా కావాలా అని అడిగింది. జ్ఞానయ్య తల ఎత్తి కూతుర్ని చూశాడు. ఇంకోసారి ఫెయిలైతే అన్నాడు, అడిగినట్టు కాదు, భయపడినట్టు.

"ఆరు మార్కులే గద నాయనా. ఇప్పుడు నాకు ఏది రాదో తెలుసు."

సప్లిమెంటరీకి మిగిలిన ఇరవై రోజులూ వాళ్ళు బడిలో కూర్చోలేదు. సెలవులు కాబట్టి బడికి తాళం. మార్కాపురంలో ఎలీషబా ఇంటి హాల్లో, పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది సుప్రియ. ఎండకు కరెంటు పోతే జీవానందం పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటూ, తనకు కూడా త్రికోణమితి ఇప్పుడే అర్థమైందని అనేవాడు. పరీక్ష రోజున మేరీ వెంట వచ్చింది. సెంటరు గేటు బయట వేపచెట్టు నీడలో మూడు గంటలకు పైగా కూర్చుంది.

జూన్‌లో ఫలితం వచ్చింది. లెక్కలు నలభై నాలుగు.

బడి తెరిచిన నాలుగో రోజు ఎలీషబా పేరు మీద పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. నూరు శాతం ఉత్తీర్ణత సాధించని కారణంగా, సంబంధిత సబ్జెక్టు టీచరు వారం లోపల సంజాయిషీ ఇచ్చుకోవాలని ఉంది. సప్లిమెంటరీలో నలభై నాలుగు వచ్చిన సంగతి ఆ కాగితానికి తెలియదు, అక్కర్లేదు కూడా. స్టాఫ్ రూములో అందరూ ఏదో ఒక సలహా ఇచ్చారు. అనారోగ్యమని రాయమన్నారు. వలస కారణమని రాయమన్నారు. మున్ముందు ఇట్లా జరగదని రాస్తే గొడవ ఉండదన్నారు. మురళీకృష్ణ మాత్రం ఏ సలహా ఇవ్వలేదు, తెల్లకాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె రాసింది పొడుగేమీ కాదు. ఆ విద్యార్థిని ఫెయిలయ్యే అవకాశం ఉందని తెలిసే పరీక్షకు పంపాననీ, పంపడం తప్పయితే ఆ తప్పు తెలిసే చేశాననీ రాసింది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల పోగొట్టుకున్న పాఠాలు చూసుకోకపోవడం మాత్రం నిజంగా తన తప్పేననీ, దానికి ఎప్పుడూ తనను ఎవరూ సంజాయిషీ అడగలేదనీ రాసింది. ఈ సంవత్సరం పదో తరగతిలో వలస పోయే పిల్లలు ముగ్గురున్నారు, వాళ్ళనూ పరీక్షకు పంపుతాను అని ముగించింది.

ఏ ఉత్తరమైనా హెడ్‌మాస్టరు ద్వారానే పైకి పోవాలి. ప్రకాశరావు గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. ఇది పైవాళ్ళకు నచ్చదు మేడం అన్నాడు. తెలుసు సార్ అంది ఆమె. రిటైరయ్యే ముందు ఇట్లాంటి కాగితం కింద తన పేరు ఉండటం ఎందుకని ఆయన అనుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. కాగితం వెనక్కి ఇస్తే నేరుగా పోస్టులో పంపుదామని నిర్ణయించుకుని చెయ్యి చాచింది.

ఆయన ఇవ్వలేదు. పెన్ను తీసి మూడో వరుసలో ఒక చోట ఆగాడు. "విద్యార్థిని" అన్న మాటలో ఆమె తొందరలో దీర్ఘం వదిలేసింది. దాన్ని జాగ్రత్తగా దిద్దాడు. ఆ తర్వాత కింద తన సంతకం పెట్టి, స్టాంపు వేసి, మాలకొండయ్యను పిలిచాడు.